సైకిల్ క్రాంకు ఎవరి కాలి కొలత?

రాజోలు వైపు ఒక ఊళ్ళో కాలవ గట్టు మీద ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె సైకిల్ని నడిపించుకుంటూ వెళ్తోంది. పంచరయిందా అని అడిగాను. "లేదు మేడం, వంతెన వస్తోంది కదా" అంది. వంతెన ఇంకా చాలా దూరంలో ఉంది. విషయం ఏమిటంటే ఆ ఎత్తు ఆమె తొక్కలేదు. సగంలో ఆగిపోతే దిగడం కష్టం కాబట్టి ముందే దిగిపోతుంది. వంతెన దిగాక అక్కడ అరుగు మీద మగపిల్లలు కూర్చుని ఉంటారు. వాళ్ళ ముందు సైకిలెక్కుతూ తడబడితే నవ్వుతారు కాబట్టి వాళ్ళని దాటేదాకా మళ్ళీ నడకే. అంటే సైకిలున్నా బడికి సగం దారి ఆమె నడిచే వెళ్తోంది, పైగా ఇనుప బరువు తోసుకుంటూ.

తల్లి కువైట్‌లో ఎవరింట్లోనో పనిచేస్తోంది. ఈ ప్రాంతంలో ఇది కొత్త సంగతి కాదని మీకు తెలుసు. పిల్ల అమ్మమ్మ దగ్గర ఉంటోంది. తల్లి పంపిన డబ్బుతో అమ్మమ్మ సైకిల్ కొంది. "పెరిగే పిల్ల కదమ్మా, ఇంటర్ దాకా వస్తాదని పెద్దదే తెచ్చాను. ఇది చూస్తే మోకాళ్ళు నొప్పులంటాది, తొడలు ఒరుసుకుపోతున్నాయంటాది" అని ఆవిడ గోడు. పక్కింటావిడ అప్పటికే సలహా పారేసింది. ఆడపిల్లకి సైకిలెందుకు, లోపల ఏదన్నా తేడా వస్తే రేపు పెళ్ళెలా అని. ఇంకో నెల ఆగితే ఆ సైకిల్ పశువుల పాకలో చేరేదే.

నేను సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. ఆడపిల్లలు సైకిల్ ఎందుకు మానేస్తున్నారని అడిగితే కట్టుబాట్లు, వేధింపులు, కన్నెపొర గురించిన భయాలు అని జవాబు చెప్పడం నాకు అలవాటు. అవన్నీ నిజాలే. కానీ ఆ రోజు పిల్లని సైకిలెక్కించి, పక్కన నిలబడి చూస్తే నా జవాబులో ఒక ముక్క తక్కువైనట్టు తెలిసింది. సీటు అడుగంటా దించే ఉంది. అయినా కింది పెడల్ అందుకోవడానికి ఆమె నడుము ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి వాలుతోంది. తొడలు ఒరుసుకుపోయేది అందుకే. పైకొచ్చిన కాలి మోకాలేమో పొట్టలోకి మడుచుకుపోతోంది. అంతగా మడుచుకున్న మోకాలితో బలం పెట్టి తొక్కలేం. ఎత్తు మీద అసలే తొక్కలేం.

ఇక్కడ క్రాంకు అనే భాగం గురించి చెప్పాలి. పెడల్‌ని మధ్య ఇరుసుకి కలిపే ఇనుప కాడని క్రాంకు అంటారు. ఇరుసు మధ్య నుంచి పెడల్ బిగించే రంధ్రం మధ్య దాకా టేపు పెట్టి కొలిస్తే అదే దాని పొడవు. పెద్దవాళ్ళ సైకిళ్ళకి మామూలుగా వచ్చేది 170 మిల్లీమీటర్లు, కొంచెం అటూ ఇటూ. అంటే పాదం తిరిగే చక్రం అడ్డుకొలత 340 మిల్లీమీటర్లు. కాలు పొడుగైనా పొట్టిదైనా ఆ చక్రం అంతా తిరిగి రావాల్సిందే. సీటు దించితే పైన మోకాలు మరీ మడుచుకుంటుంది, ఎత్తితే కింద పాదం అందదు. సీటు సర్దుకుంటే సరిపోతుందిలే అనే వాళ్ళకి ఇదే జవాబు. కాడ పొడవు తప్పయితే సీటుతో దిద్దలేం.

మరి ఎవరికి ఎంత పొడవు కావాలి? దీనిమీద సైకిల్ నిపుణులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. 2001లో మార్టిన్, స్పిర్దుసో అనే ఇద్దరు పరిశోధకులు 120 నుంచి 220 మిల్లీమీటర్ల దాకా అయిదు రకాల క్రాంకులతో సైకిల్ పందెగాళ్ళని తొక్కించి చూశారు. ఒక మనిషి తీయగలిగిన గరిష్ఠ శక్తిలో అన్నిటికంటే మంచి పొడవుకీ చెడ్డ పొడవుకీ వచ్చిన తేడా సుమారు 4 శాతమే. అందరికంటే అనువైన పొడవు కాలి పొడవులో సుమారు అయిదో వంతు అని తేలింది. కాలి పొడవంటే తుంటి దగ్గర తొడ ఎముక తగిలే చోటు నుంచి నేల దాకా. ఈ లెక్కన 170 మిల్లీమీటర్ల కాడ 85 సెంటీమీటర్ల కాలికి సరిపోతుంది. అది మన సగటు స్త్రీ కంటే పొడుగైన మనిషి కాలు. మన దేశంలో వయసొచ్చిన స్త్రీల సగటు ఎత్తే సుమారు 152 సెంటీమీటర్లు, అంటే అయిదడుగులు. ఈ పిల్లకి ఇంకా పదమూడేళ్ళు. టేపు పెట్టి కొలిస్తే కాలు 70 సెంటీమీటర్లు దాటి కొంచెం ఉంది. ఆమెకి కావలసింది 140, 145 మధ్య.

పొడుగు కాడ అయితే బలం ఎక్కువ వస్తుంది కదా అని ఒక వాదన ఉంది. గడ్డపార పొడుగుంటే రాయి తేలిగ్గా లేస్తుంది, నిజమే. కానీ గడ్డపార పట్టుకునే చెయ్యి దాని చివరిదాకా అందాలి కదా. ఇక పందేల్లో పోటీపడే మగవాళ్ళే ఇప్పుడు పొట్టి కాడల వైపు వెళ్తున్నారు. 2024లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన పోగాచార్ 176 సెంటీమీటర్ల మనిషి, వాడింది 165 మిల్లీమీటర్ల క్రాంకు. మన కాలవ గట్టు మీద పిల్ల తొక్కుతున్నది ఆయన దానికంటే పొడుగుది!

పిల్లనీ సైకిల్నీ తీసుకుని రాజోలులో ఒక సైకిల్ షాపుకి వెళ్ళాం. "ఇది లేడీస్ సైకిల్ కదా, ఆడవాళ్ళ కొలతకి చిన్న క్రాంకు ఉండదా" అని అడిగాను. "ఆయ్, లేడీస్ అంటే బారు కిందకుంటాదండి, ముందు బుట్టుంటాదండి. కాడలు ఎవరికైనా అయ్యేనండి" అన్నాడు మెకానిక్కు. షాపులో ఉన్న వాటికి టేపు పెట్టి చూశాను. ఆయన మాట నిజమే. చీర కట్టుకోవడానికి వీలుగా బారు వంచారు, పైట చక్రంలో పడకుండా వల పెట్టారు. అంటే మన బట్టల గురించి ఆలోచించారు, మన ఎముకల గురించి ఆలోచించలేదు. ఈ మాట రాస్తుంటే నాకు కొంచెం కోపంగానే ఉంది.

ఆయన మంచివాడు. మూల నుంచి చిన్నపిల్లల సైకిల్ తాలూకు సెట్టు ఒకటి వెతికి తీశాడు. ఆరంగుళాలది, 152 మిల్లీమీటర్లు. 140 దొరకలేదు. కాటర్ పిన్నులు సుత్తితో కొట్టి పాత కాడలు తీశాడు. కుడి కాడ పళ్ళచక్రంతో కలిసే వస్తుంది కాబట్టి అదీ మారింది. కొత్తదానికి పళ్ళు తక్కువ, అందుకని చైన్లో లింకులు కొన్ని తీసేశాడు. పళ్ళు తగ్గడం వల్ల సైకిల్ తేలికయింది, పొట్టి కాడతో పోయిన బలం అలా తిరిగొచ్చింది. బదులుగా కాళ్ళు ఎక్కువసార్లు తిప్పాలి, వేగం కొంత తగ్గుతుంది. కింది పెడల్ 18 మిల్లీమీటర్లు పైకొచ్చి ఆమె పాదానికి అందింది. పైన మోకాలు 18 మిల్లీమీటర్లు దిగింది. ఒక అంగుళం కూడా కాని తేడాకి పిల్ల నడుము ఊగడం ఆగిపోయింది.

నా చిన్నప్పుడు అమలాపురంలో గంటకి ఇంత అని అద్దె సైకిళ్ళిచ్చేవారు. బారు కింద నుంచి కాలు దూర్చి, వంకరగా వేలాడుతూ నేర్చుకున్నాను. పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ గౌను మోకాలు దాటేది, ఎవరో ఒకరు ఏదో ఒకటి అనేవారు. ఒకరోజు నాన్నగారి చెవిన పడింది. ఆ తర్వాత నేను మళ్ళీ సైకిలెక్కింది హైదరాబాద్ యూనివర్సిటీ హాస్టల్లో చేరాకే. పొట్టిదాన్ని కాబట్టి నాకు చేతకాదని ఇన్నేళ్ళూ నమ్మాను.

సైకిల్ విలువ మన ఉద్యమాలకి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం, కలెక్టర్ షీలారాణి చుంకత్ చొరవతో, వేలాది గ్రామీణ స్త్రీలకి సైకిల్ నేర్పింది. లేడీస్ సైకిళ్ళు చాలకపోతే వాళ్ళు మగవాళ్ళ సైకిళ్ళే తీసుకున్నారు, బారు మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చు కదా అన్నారు. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్ళిస్తే హైస్కూల్లో చేరేవాళ్ళు 32 శాతం పెరిగారని కార్తిక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ 2017లో అచ్చయిన అధ్యయనంలో చూపించారు. బడి దూరంగా ఉన్న ఊళ్ళలోనే మేలు ఎక్కువ కనబడింది. మన రాష్ట్రంలోనూ 2019కి ముందు "బడికొస్తా" పేరుతో ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చారు. ఇలాంటి ప్రతి పథకం గురించీ మనం ఎన్ని ఇచ్చారు, ఎప్పుడిచ్చారు, ఎవరికి అందలేదు అని అడిగాం. ఏ కొలతవి అని అడిగామా? నేనైతే అడగలేదు.

ఇంతకంటే పెద్ద సమస్యలు లేవా అని మీటింగులో ఒక మిత్రురాలు అంది. ఉన్నాయి. కానీ కోనసీమలో ఇంకా సైకిల్ మీద బడికెళ్ళే ఆడపిల్లలు ఎవరు? డబ్బున్న ఇళ్ళ పిల్లలు స్కూలు బస్సుల్లో పోతున్నారు, ఇంకొంచెం పెద్దయితే స్కూటీల మీద. సైకిల్ మీద మిగిలింది పేటల్లోంచి, గట్ల మీది ఇళ్ళలోంచి పెద్ద ఊరు దాటుకుని హైస్కూలుకి వచ్చే పిల్లలు. లైసెన్సు వయసు రాని ఆ పిల్లకి తానే నడుపుకోగల బండి సైకిలే. ఎవడైనా వెంటపడితే దిగి నడవాల్సిన పిల్లకీ తొక్కుకుంటూ వెళ్ళిపోగల పిల్లకీ మధ్య ఉన్న తేడా నాకు చిన్న సమస్యలా అనిపించడం లేదు.

అందుకని నేనడిగేది ఇది. ఆడపిల్లలకి సైకిళ్ళు కొనే ప్రభుత్వమైనా, దాతలైనా, మన సంస్థలైనా సరే టెండరు కాగితంలో చక్రం సైజుతో పాటు క్రాంకు పొడవూ రాయాలి. 140, 152, 165 అని కనీసం మూడు రకాలుండాలి. పంచేముందు పిల్లల కాళ్ళు కొలవాలి. టైలరు దగ్గర యూనిఫాం కొలతలు తీయించగా లేనిది, దీనికి ఒక టేపు పట్టుకెళ్ళలేమా? పిల్లలు పెరుగుతారు కదా అనేది నిజమైన అభ్యంతరమే. పెరిగితే కాడలు మార్చవచ్చు, అది ఒక పూట పని.

మొన్న వెళ్ళినప్పుడు మోకాళ్ళెలా ఉన్నాయని పిల్లని అడిగాను. నొప్పి లేదుగానీ ఫ్రెండ్స్ కంటే వెనకబడుతున్నానని ఫిర్యాదు చేసింది. వంతెన సంగతి అడిగితే, సముద్రపు గాలి ఎదురుగా కొడితే తప్ప దిగడం లేదంది. అమ్మమ్మ పాత కాడలు రెండూ పళ్ళచక్రంతో సహా గోనెగుడ్డలో చుట్టి మంచం కింద దాచింది. "ఎదిగాక వేయిద్దారమ్మా" అంది.