చౌక బియ్యం, ఖరీదైన పప్పు: డెల్టా వాడల్లో షుగర్

తెనాలి, బాపట్ల, రేపల్లె ఏదైనా కానివ్వండి, షుగర్ శిబిరం పెడితే మన ఆడవాళ్లకు వినపడే మాట ఒకటే: అన్నం తగ్గించమ్మా. సలహా తప్పు కాదు. తగ్గించిన అన్నం స్థానంలో ఏం తినాలి, అది ఎవరిస్తారు అన్న దగ్గరే మాట ఆగిపోతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం రోజువారీ కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. ఆహార భద్రతా చట్టం (2013) మాత్రం సాధారణ కార్డుపై మనిషికి నెలకు 5 కిలోల ధాన్యానికే హక్కు ఇచ్చింది. 2023 జనవరి నుంచి అది ఉచితం. పప్పుకు ఆ చట్టంలో హక్కు లేదు. ఒక ప్రభుత్వ సంస్థ వద్దన్నదాన్నే మరో ప్రభుత్వ శాఖ సంచిలో పోస్తోంది. ఆకలి తీర్చిన బియ్యాన్ని మేం తక్కువ చేయడం లేదు. దానితోనే సరిపెట్టడాన్ని ప్రశ్నిస్తున్నాం.

డెల్టాలో వరి కోతకు ముందే చేలో మినుము, పెసర చల్లుతారు. ఆ చేను పీకేది ఎక్కువగా కూలి ఆడవాళ్లే. వాళ్ల ఇళ్లలో పప్పు పలచన.

1986లో విడుదలైన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, బాపట్లలోనే పుట్టింది. దాన్ని మెరుగుపరిచి 2008లో విడుదల చేసిన రకానికి గ్లైసీమిక్ సూచిక సుమారు 51. 55 లోపుంటే తక్కువ కిందే లెక్క. అలాంటి బియ్యం రేషన్ డిపోకి ఎందుకు రాకూడదు?

మేం చూసిన డైట్ చార్టుల్లో ఓట్స్, మొలకలు, పనీర్ ఉంటాయి. పెద్దకూర ఉండదు. అందులో పిండిపదార్థం దాదాపు సున్నా, మాంసకృత్తులు పుష్కలం. కొవ్వు తీసేసి, రోజూ కాకుండా, కాస్త వండుకుంటే అభ్యంతరమేమిటి? నిజాంపట్నం వైపు నుంచి వచ్చే చేపలూ అంతే. ఎండుచేపల్ని మాత్రం నానబెట్టి ఉప్పు కడగాలి, బీపీ ఉన్నవాళ్లు మరీను. కంచంలో సగం గోంగూర, తోటకూర లాంటి ఆకుకూరలు, కూరగాయలు. పావు వంతు పప్పో గుడ్డో చేపో. మిగిలిన పావే అన్నం.

మరొకటి, ఎవరూ చెప్పనిది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా తెల్లవారుజామునే నాట్లకు వెళ్తే చేలోనే షుగర్ పడిపోతుంది. వణుకు, చెమటలు మొదలైతే వెంటనే మూడు చెంచాల పంచదార నోట్లో వేసుకోవాలి, తర్వాత ఏదైనా తినాలి. కొంగున కాస్త పంచదార కట్టుకు వెళ్లమనండి. ఆ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో పని వేళలు చెప్పి డాక్టర్ని అడగండి. ఆస్పత్రికి వెళ్లిన రోజు కూలి పోతుంది కాబట్టి, ఆ మాట వాడకే వచ్చి చెప్పాలని ఆరోగ్య కేంద్రాన్ని అడగాల్సింది మనమే.