మీ పంచాయతీ పాస్‌బుక్ ఎప్పుడైనా చూశారా?

మీ అకౌంట్లో ఎంత ఉందో ఆఖరిసారి ఎప్పుడు చూసుకున్నారు? నిన్నో మొన్నో చూసే ఉంటారు. జీతం పడిన రోజు హుషారుగా చూస్తాం, నెలాఖరులో భయంభయంగా చూస్తాం. మరి మీ ఊరి అకౌంట్లో ఎంత ఉందో ఎప్పుడైనా చూశారా?

ఊరికి అకౌంట్ ఏంటి బాస్ అంటారా? ఉంది. పంచాయతీ పేరు మీద డబ్బులొస్తాయి, ఖర్చవుతాయి. ఆ లెక్క చూడ్డానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు. కానీ మన ఫోన్లలో క్రికెట్ స్కోరుకి యాప్ ఉంది, బిర్యానీ ఎక్కడిదాకా వచ్చిందో చూడ్డానికి యాప్ ఉంది, ఊరి లెక్కకి మాత్రం లేదు. ఈ వారం ఆ సంగతి మాట్లాడుకుందాం.

మెసేజ్ వచ్చే డబ్బు, రాని డబ్బు

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట. నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కి వెళ్తుంటే దారిలో తగులుతుంది. మా మండలానికి ఒకవైపు సముద్రం, ఇంకోవైపు పెన్న. వరి, రొయ్యల గుంటలు, చేపల వేట, ఇవే బతుకుతెరువు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మా తీరంలో మరబోట్ల వేట బంద్. ఆ రోజులకి ప్రభుత్వం మత్స్యకారులకి భృతి ఇస్తుంది. ఒకప్పుడు 4 వేలుండేది, 2019లో 10 వేలైంది, 2025లో 20 వేలు చేశారు. మైపాడు వైపు వెళ్లి ఎవరినైనా అడగండి. ఎంత వస్తుంది, ఎప్పుడు పడింది, ఎవరికి ఆగిపోయింది, అంతా వేళ్ల మీద చెప్తారు. పింఛన్ సంగతీ అంతే. ఒకటో తేదీన ఎవరికి అందలేదో వీధంతా తెలుస్తుంది. అలా తెలియాలి కూడా.

ఇప్పుడు అదే వీధిలో ఇంకో ప్రశ్న వేయండి. "ఈ ఏడాది పంచాయతీకి ఆర్థిక సంఘం నిధులు ఎంతొచ్చాయి?" అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

కారణం సింపుల్. మనిషికి వచ్చే డబ్బుకి ఫోన్లో మెసేజ్ వస్తుంది. ఊరికి వచ్చే డబ్బుకి రాదు. మెసేజ్ రాని డబ్బుని మనం మన డబ్బు అనుకోం. అది సర్పంచ్‌ది, సెక్రటరీది, పార్టీది అనుకుంటాం. కానీ సైడు కాలువ పొంగితే నీళ్లొచ్చేది మన గుమ్మంలోకే.

అసలు ఎంతొస్తుంది? దేనికొస్తుంది?

పంచాయతీకి డబ్బులొచ్చే దారులు చాలా ఉన్నాయి. ఇంటి పన్ను, నీటి పన్ను లాంటి సొంత ఆదాయం ఒకటి. రాష్ట్రం ఇచ్చేది ఒకటి. ఉపాధి హామీ కింద వచ్చే సీసీ రోడ్లు, కాలువల పనులు ఇంకోటి. వీటన్నిటిలో క్రమం తప్పకుండా రావాల్సిన పెద్ద మొత్తం కేంద్ర ఆర్థిక సంఘానిది. 2021 నుంచి 2026 వరకు ఐదేళ్లకి దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 15వ ఆర్థిక సంఘం కేటాయించింది 2,36,805 కోట్లు.

ఆ ఐదేళ్లలో ఈ డబ్బుకి ఒక లెక్క ఉండేది. మీ పంచాయతీకి 10 లక్షలు వచ్చాయనుకోండి. అందులో 6 లక్షలు ముందే ముడి వేసి ఇచ్చేవారు. 3 లక్షలు తాగునీటికి, 3 లక్షలు పారిశుద్ధ్యానికి. మిగతా 4 లక్షలు ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వీలుండేది. జీతాలకి, ఆఫీసు ఖర్చులకి మాత్రం వాడకూడదు.

అంటే ట్యాంకు క్లీన్ చేయలేదు, కుళాయిలో మురికి నీళ్లొస్తున్నాయి, చెత్త ఎత్తట్లేదు అన్నప్పుడు "ఫండ్స్ లేవు" అనే జవాబు వస్తే అక్కడితో ఆగక్కర్లేదు. "ముడి వేసిన డబ్బు ఎంతొచ్చింది? ఎంత ఖర్చయింది?" అని అడగొచ్చు. నిజంగానే రాకపోయి ఉండొచ్చు, అదీ జరుగుతుంది. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు ముగిసింది. 2025 డిసెంబర్‌లో గానీ ఎన్నికలు జరగలేదు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం గ్రాంట్ రాదు, అది రూలు. మన రాష్ట్రంలో ఆమధ్య ఈ నిధుల్ని కరెంటు బకాయిల కింద సర్దేశారంటూ సర్పంచులే రోడ్డెక్కారు. కాబట్టి తప్పు ప్రతిసారీ సర్పంచ్‌దే అనుకోకండి. డబ్బు రాలేదా, వచ్చి ఆగిందా, ఖర్చయిందా అన్నవి మూడు వేరువేరు ప్రశ్నలు. ముందు ఏ ప్రశ్న అడగాలో తెలిస్తే సగం గొడవ తగ్గుతుంది.

అడగకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక చిన్న ఉదాహరణ. స్వాతంత్ర్య దినోత్సవం రోజు జెండా పండగకి చిన్న పంచాయతీ ఎంత ఖర్చు పెట్టొచ్చో తెలుసా? 100 రూపాయలు. పెద్ద పంచాయతీ అయితే 250. 34 ఏళ్ల పాటు అదే లెక్క నడిచింది. 100 రూపాయలకి ఊరందరికీ చాక్లెట్లు కాదు కదా, జెండా కర్రకి తాడు కూడా కష్టమే. 2024 ఆగస్టు 15కి ముందు దాన్ని 10 వేలు, 25 వేలు చేశారు. కాగితం మీద రాసిన అంకె, ఎవరూ కదపకపోతే ఒక తరం మొత్తం అలాగే కూర్చుంటుంది.

లెక్క అడగడం మన జిల్లాకి కొత్తా?

కొత్త కాదు. నెల్లూరు జిల్లా ఆడవాళ్లు మనకంటే 30 ఏళ్లు ముందున్నారు.

90ల మొదట్లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిపూట లాంతర్ల దగ్గర కూర్చుని చదువు నేర్చుకున్న ఆడవాళ్లు, మగవాళ్ల కూలి డబ్బులు ఎటు పోతున్నాయో లెక్క వేసుకున్నారు. అన్నీ సారా దుకాణానికే. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ లాంటి వాళ్లు దుకాణం మూయించారు. 1992లో అది జిల్లా అంతా పాకింది. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. సర్కారుకి సారా పెద్ద ఆదాయం, అయినా తగ్గాల్సి వచ్చింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. తర్వాతి భాగమే మన సబ్జెక్టు. సారాకి పోకుండా మిగిలిన డబ్బుని ఏం చేయాలి? రోజుకో రూపాయి పక్కన పెట్టారు. 'పొదుపు లక్ష్మి' అలా మొదలైంది. కొన్ని ఇళ్ల ఆడవాళ్లు, ఒక పుస్తకం, ఒక మీటింగ్. ప్రభుత్వ పథకాలు ఆ పుస్తకం వెంట వచ్చాయి. 80ల నుంచే ఉన్న డ్వాక్రాకి ఈ సంఘాలతో ఊపొచ్చింది. 2000లో సెర్ప్ వచ్చింది, వెలుగు వచ్చింది, ఆ తర్వాత పావలా వడ్డీ, సున్నా వడ్డీ, స్త్రీనిధి. ఇప్పుడు రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం సంఘాలకి 20 లక్షల దాకా తాకట్టు లేకుండా లోను ఇవ్వొచ్చు. మనం ఐటీలో జాబ్ చేస్తూ పర్సనల్ లోనుకి సిబిల్ స్కోర్ చూసుకుని వణుకుతున్నాం. వాళ్లకి ఇంటి కాగితం పెట్టకుండా బ్యాంకు అప్పిస్తోంది.

ఎందుకిస్తోంది? వాళ్ల దగ్గర పంచసూత్రాలున్నాయి. టైముకి మీటింగ్, టైముకి పొదుపు, సంఘంలోనే అప్పులు, టైముకి తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగా రాయడం. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది చివరిది.

మా పెద్దమ్మ పాతికేళ్లుగా సంఘంలో ఉంది. చదువుకుంది ఐదో తరగతి. మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తీర్మానాల పుస్తకం చూపించమన్నాను. ఎవరు ఎంత కట్టారు, ఎవరికి ఎంత ఇచ్చారు, ఎందుకిచ్చారు, కింద వరసగా సంతకాలు. "మీటింగ్‌లో ఇదంతా గట్టిగా చదవతారు. రూపాయి తేడా వచ్చినా ఎవరినీ లేవనీము" అంది. అయితే పంచాయతీ లెక్క కూడా ఇట్లాగే చదువుతారా అని అడిగాను. "అది మనకెందుకు చదవతారబ్బయా?" అంది.

ఆ 'మనకెందుకు' దగ్గర నేను ఆగిపోయాను. సంఘంలో రూపాయికి లెక్క అడిగే మనిషి, లక్షల్లో ఉండే ఊరి డబ్బు దగ్గరికొచ్చేసరికి బయటి మనిషైపోయింది. తెలివి తక్కువై కాదు. అక్కడ లెక్కని గట్టిగా చదివే అలవాటే లేదు.

నిజానికి చట్టంలో ఆ అలవాటుకి చోటుంది. దాని పేరు గ్రామసభ. ఊళ్లో ఓటున్న ప్రతి మనిషీ అందులో సభ్యుడే, సభ్యురాలే. ఎవరూ నామినేట్ చేయక్కర్లేదు. మన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం వచ్చింది 1994లో, అంటే చాలామంది మనకంటే పెద్దది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. రికార్డు కూడా వచ్చింది. ఆ రోజు స్టేటస్‌లు పెట్టినవాళ్లం చాలామందిమే. తర్వాతి సభ ఎప్పుడని అడిగినవాళ్లం ఎందరం?

ఇక మన పని

ఫోన్ తీయండి. 'ఈ-గ్రామస్వరాజ్' అని వెతకండి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖది, యాప్ ఉంది, సైటూ ఉంది. 2020 ఏప్రిల్ 24న మొదలైంది. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకోండి. నెల్లూరు వాళ్లకి ఒక చిట్కా: జిల్లా పేరు 'ఎన్' దగ్గర దొరక్కపోతే 'ఎస్' దగ్గర చూడండి, మన జిల్లా అధికారిక పేరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు. ఆర్థిక సంవత్సరం పెట్టగానే ఏ పనులు ప్లాన్‌లో ఉన్నాయి, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది కనిపిస్తాయి. డబ్బు కదలాలంటే ఇద్దరి డిజిటల్ సంతకాలు కావాలి. ఒకరు బిల్లు తయారుచేస్తే ఇంకొకరు సరిచూసి పాస్ చేయాలి. మన ఆఫీసులో కోడ్ రివ్యూ లాంటిదే.

అయితే ఒక మాట. నేను రోజూ డాష్‌బోర్డులు తయారుచేసే ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా, స్క్రీన్ మీద 'పూర్తయింది' అని ఉంటే స్క్రీన్ మీద పూర్తయినట్టు, అంతే. వీధిలో పూర్తయిందో లేదో వీధిలోకెళ్లి చూడాల్సిందే. ఇంకో సంగతి, యాప్‌లో కనిపించేది అప్పటికే తీసుకున్న నిర్ణయం. ఏ పని ముందు చేయాలో తేల్చాల్సింది గ్రామసభలో. వచ్చే ఏడాది ప్లాన్ కోసం ఏటా అక్టోబర్ నుంచి ఈ సభల హడావుడి ఉంటుంది. దసరాకి ఊరెళ్లేవాళ్లు సెక్రటరీని తేదీ అడిగి పెట్టుకోండి.

యాప్‌లో దొరక్కపోతే సమాచార హక్కు ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకి ఫీజు లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకి 30 రోజులు గడువు.

"అడిగితే పార్టీ అంటగడతారు బ్రో" అంటారా? నిజమే, అంటగడతారు. ఇది ఉత్త భయం కాదు. ఊళ్లో అమ్మానాన్న ఉంటారు, పొలం గట్టు గొడవ ఉంటుంది, రేపు సర్టిఫికెట్ కోసం అదే ఆఫీసుకి వెళ్లాలి. అందుకే ఒక్కరే వెళ్లి "తిన్నారు" అని అరవకండి. ముగ్గురు నలుగురు కలిసి వెళ్లండి. ఒకే పని గురించి అడగండి. "ఫలానా వీధి కాలువకి ప్లాన్‌లో ఇంత రాశారు, ఎప్పుడు మొదలవుతుంది అన్నా?" ఇది నింద కాదు, ప్రశ్న. పక్కన నలుగురు సంఘం ఆడవాళ్లుంటే ఇంకా మంచిది. లెక్క అడగడంలో వాళ్లకున్న అనుభవం మనకి లేదు, ఫోన్లో వెతకడంలో మనకున్న అలవాటు వాళ్లకి లేదు. రెండూ కలిస్తే చాలు.

"నేనుండేది బెంగళూరులో, నాకెందుకు?" అనేవాళ్లకి ఒకటే అడుగుతా. మీ అమ్మ తాగేది ఏ ఊరి నీళ్లు?

ఈ వారం ఒక పని చేయండి. మీ పంచాయతీ పేజీ ఓపెన్ చేసి, తాగునీటికి ఎంత రాశారో ఒక్క స్క్రీన్‌షాట్ తీసి, మీ ఊరి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టండి. కామెంట్ ఏమీ రాయొద్దు. ఎవరో ఒకరు "ఇది నిజమా?" అంటారు. అక్కడి నుంచి మాట్లాడటం మొదలుపెట్టండి.