పచ్చి కీమా: పండుగ విందులో పొంచిన ముప్పు

క్రిస్మస్ సమీపించినదంటే అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్ర ఆరోగ్య శాఖ ఒక హెచ్చరిక జారీ చేయడం పరిపాటి. పచ్చి గొడ్డుమాంసపు కీమా తినవద్దన్నదే దాని సారాంశం. 19వ శతాబ్దంలో మిల్వాకీ పరిసరాలలో స్థిరపడిన జర్మన్ వలసదారులు ఈ అలవాటును తమ వెంట తెచ్చారు. రై రొట్టెపై పచ్చి కీమా పరచి, ఉల్లిపాయ, ఉప్పు, మిరియాలపొడి చేర్చి తినే ఈ వంటకానికి స్థానికంగా 'కానిబల్ శాండ్‌విచ్' అని పేరు. నరభక్షకుల శాండ్‌విచ్ అని అర్థం. పేరు వెటకారంగా తోచినా, అనేక కుటుంబాలకు అది తాతముత్తాతల జ్ఞాపకం.

ఆ జ్ఞాపకానికి విలువ ఉన్నది. అయితే రోగక్రిమికి ఆచారంతో నిమిత్తం లేదు. 1994 సంవత్సరాంతపు పండుగ దినాలలో ఈ రాష్ట్రంలో పచ్చి కీమా వల్ల 150 మందికి పైగా సాల్మొనెల్లా వ్యాధికి గురైనారు. 2012 పండుగ రోజులలో ఇ. కోలై ఓ157 క్రిమి నలుగురికి సోకినట్లు నిర్ధారణ కాగా, మరి 13 మందికి సోకి ఉండవచ్చునని అధికారులు తేల్చారు. ఈ క్రిమి పసిపిల్లల మూత్రపిండాలను దెబ్బతీయగలదు.

తాతల నాటినుండి తింటున్నాము, ఇప్పుడు కొత్తగా ముంచుకువచ్చిన ప్రమాదమేమిటని కొందరి వాదన. మాంసఖండంలో క్రిములు సాధారణంగా పైభాగానికే పరిమితమై ఉంటాయి. కీమా కొట్టినపుడు లోపలికంతా వ్యాపిస్తాయి. పైగా నేటి భారీ కర్మాగారాలలో అనేక పశువుల మాంసం ఒకే రాశిలో కలుస్తున్నది. ఒక్క పశువు నుండి వచ్చిన క్రిమి ఎన్నో ఇళ్లకు చేరగలదు. వంటకం మారలేదు, దాని వెనుకనున్న పరిశ్రమ మారినది.

కనుక నిందనంతా తినేవారిపై మోపడం న్యాయం కాదు. 1993లో సరిగా ఉడకని హాంబర్గర్ల వల్ల 700 మందికి పైగా జబ్బుపడి, నలుగురు పిల్లలు మరణించిన మీదటనే అమెరికా ప్రభుత్వం మేల్కొన్నది. ఈ క్రిమి ఉన్న పచ్చి కీమాను కల్తీ సరుకుగా పరిగణిస్తామని 1994లో వ్యవసాయ శాఖ ప్రకటించింది. ఆ నిఘా ఎన్నడూ సడలరాదు.

కాని ఏ తనిఖీ అయినా ప్రతి ముద్దకూ హామీ ఇవ్వజాలదు. కీమాను 71 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తే ఈ క్రిములు నశిస్తాయి. అదే రొట్టె, అదే ఉల్లిపాయ, అదే బంధుజనం. కీమాను మాత్రం పొయ్యిపైకి ఎక్కించవలసి ఉన్నది. పెద్దల ఆచారాన్ని పిల్లలకు అందించదలచినవారికి ఇది పెద్ద త్యాగమేమీ కాదు.