మస్టర్లో లేని దగ్గు

రిటైరైన కార్మికుని మందుల ఖర్చు ఎవరు పెట్టుకోవాల? యూనియన్ ఆఫీసుల్లో ఈ మాట ఎత్తితే మన పెద్దలు మొగం జాలిగా పెడతారు. ‘పాపం ముసిలోళ్లు, ఏదన్నా చెయ్యాల’ అంటారు. ఆ ‘పాపం’ అనే మాట మీదనే నా కొట్లాట.

మాది గండికోట. ఊరు కోటలోపలే ఉంది. పెన్న లోయ చూసేదానికి ఎక్కడెక్కడోళ్లో కార్లేసుకోనొస్తారు. గైడు పెమ్మసాని నాయకుల గురించి చెప్తాడు, మాధవరాయ గుడి చూపిస్తాడు, జామియా మసీదు చూపిస్తాడు. ఆ రాయి మోసిన ఈపుల గురించి ఎవరూ అడగరు, ఆయనా చెప్పడు.

మా నాయన ఎర్రగుంట్ల దిక్కు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ప్యాకింగు కాడ బస్తాలు మోసినాడు. ఇరవై ఆరేండ్లు. కాంట్రాక్టరు నాలుగుసార్లు మారినాడు. నాయన మారలా, బస్తా మారలా, దుమ్ము మారలా. ప్యాకింగు, లోడింగు, క్రషర్ కింద ఊడ్చేది, కక్కసుదొడ్లు కడిగేది - ఈ పనుల్లో ఉండేది మా మాలగేరోళ్లు, పక్క మాదిగగేరోళ్లు. కంట్రోలు రూములో ఎవరుండిరో నేను చెప్పాల్నా? 1938లో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో అంబేద్కర్ కార్మికునికి ఇద్దరు శత్రువులన్నాడు. ఒకటి బ్రాహ్మణిజం, రెండోది పెట్టుబడి. తెగిన దారం నోటితో తడిపి అతకాల కాబట్టి బొంబాయి మిల్లుల నేతఖాతాలోకి అంటరానోళ్లను రానియ్యలేదు. ఎర్రజెండా యూనియన్లు కూడా దాన్ని కదిలించలేకపోయినాయి. మా ఫ్యాక్టరీలో దారం లేదు, దుమ్ముంది. అందుకని మమ్మల్ని రానిచ్చినారు.

నాయనకు గస మొదలైంది పని మానుకున్న మూడో ఏడు. జమ్మలమడుగులో మిషనోళ్లు కట్టిన క్యాంబెల్ ఆస్పత్రికి తీసకపోతే డాక్టరు మొదట అడిగిన మాట, ‘ఏం పని చేసేవాడివప్పా?’ అని. ఆ మాట ఫ్యాక్టరీ ఎప్పుడూ అడగలా. మా వీధికి ఆవల ఉండే రెడ్డి ఫిట్టరు కూడా ఆ దుమ్మే పీల్చినాడు, ఆయనా దగ్గినాడు. ఆయనకు కంపెనీ మెడికల్ కార్డుంది, నెలనెలా మందులొచ్చేవి. ఆయన మందులు చూసి నాకు ఏడుపు లేదు. ఆ కార్డు ఎవరూ దానం చెయ్యలా, సమ్మె చేసి తెచ్చుకున్నదే. మా నాయన కూడా ఆ సమ్మెలో గేటుకాడ కూచున్నాడు. కార్డులు పంచేటప్పుడు మాత్రం మస్టర్‌ రోల్‌లో పేరున్నోళ్లకే అన్నారు. మా అమ్మ ఉన్న రెండు మేకలూ అమ్మింది.

తర్వాత నేను అదే ఫ్యాక్టరీలో హెల్పరుగా పర్మనెంటయి యూనియన్ కమిటీలోకొచ్చినా. డిమాండ్ల పత్రంలో రిటైరైనోళ్ల వైద్యం ఎప్పుడూ అడుగునే ఉండేది. చర్చల ఆఖరి రాత్రి మేనేజ్‌మెంటోళ్లు ‘జీతం ఇంకొంచెం పెంచుతాం, అది వదిలేయండి’ అంటారు. మనోళ్లు వదిలేస్తారు. ఒకసారి నేను లేచి అడిగితే నాయకుడు, ‘ఏమబ్బీ, రిటైరైనోడు మనకు ఓటేస్తాడా?’ అన్నాడు. నిజమే చెప్పినాడు, దాంట్లో వంకర లేదు. అసలు రోగం ఆడుంది.

అన్నలారా, దుమ్ము జబ్బుకు రిటైర్మెంటు తేదీ తెలీదు. సిలికోసిస్ ఏండ్లకేండ్లు లోపల్లోపలే పెరుగుతుంది. మన జిల్లాలోనే పులివెందుల దిక్కు ఆస్‌బెస్టాస్ గనులుండె. ఆ నార ఊపిరితిత్తుల్లో దిగినాక జబ్బు బయటపడేదానికి ఇరవై, ముప్పై ఏండ్లు పడుతుంది. పని చేసేటప్పుడు అంటుకున్న రోగం పని పోయినాక బయటికొస్తే, దాని వైద్యం ధర్మం ఎట్లయితది? అది కంపెనీ ఆపుకోనున్న కూలి. 1995 జనవరిలో సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో ఈ మాటే చెప్పింది. పనిలో ఉన్నప్పుడూ, రిటైరైనాకా ఆరోగ్యం, వైద్యం కార్మికుని ప్రాథమిక హక్కు అనింది. ఆ పరిశ్రమలో ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డు పనిలో చేరినప్పట్నుంచి 40 ఏండ్లు గానీ, పని మానినాక 15 ఏండ్లు గానీ, ఏది ఎక్కువైతే అన్నాళ్లు దాచిపెట్టాలనింది. మా నాయనకు రికార్డు కాదు గదా, గేటుపాసు కూడా కాంట్రాక్టరు పేరు మీదనే ఉండె.

కొందరు చదువుకున్న పిల్లోళ్లు, ‘ఆరోగ్యశ్రీ ఉంది గదా అన్నా’ అంటారు. 2007లో వచ్చింది, మా గేరిలో ప్రాణాలు నిలబెట్టింది, కాదన్ను. అది ఆపరేషన్లకు, ఆస్పత్రిలో పడుకుంటే చేసే వైద్యానికి. దినామూ పీల్చే మందుకు కాదు. గవర్నమెంటు మారినప్పుడల్లా పథకానికి పేరు మారుతుంది. ఒప్పందం అట్ల కాదు, రెండు పక్కలా సంతకముంటుంది. ఇంకొందరు ఈఎస్‌ఐ అంటారు. ఐదేండ్లు బీమాలో ఉండి రిటైరైనోడు ఏడాదికి 120 రూపాయలు కడితే మొగుడూపెండ్లాలిద్దరికీ వైద్యం చేస్తారు. మంచి నియమం. ఆ ఐదేండ్లు చూపించేదెట్లా? కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త నంబరు, కొన్నేండ్లు అసలు నంబరే లేదు. నాపరాయి గనుల్లో బండలు కోసే మావోళ్ల కథ ఇంకా అన్యాయం. 1948 చట్టం గనుల్ని ఫ్యాక్టరీ అనే నిర్వచనంలోంచే తీసేసింది.

బేరమాడితే రాదా అంటే వస్తుంది. సింగరేణిని చూడండి. 2017 అక్టోబరులో కుదిరిన పదో బొగ్గు వేతన ఒప్పందం కింద, రిటైరయ్యే కార్మికుడు 40 వేలు కడితే భార్యాభర్తలకు 8 లక్షల దాకా వైద్యం. ఆ 8 లక్షలు చాలవు, కార్మికుడు కట్టే 40 వేలు ఎక్కువ, అది వేరే తగువు. దేశంలోని బొగ్గు యూనియన్లు ఒక బల్లకాడ కూచున్నందుకు వచ్చింది. అయితే ఆడ కూడా అదే గీత. పక్కనే ఓవర్‌బర్డెన్ మట్టి తోలేవాడు, ఊడ్చేవాడు కాంట్రాక్టు మనిషి, వానికి ఆ ఒప్పందం లేదు. వాళ్లలో ఎక్కువమంది ఎవరో లెక్కలు తీయమనండి యూనియన్లను.

2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకొచ్చింది. మస్టర్‌ రోల్‌ మీదున్నోళ్లలో 51 శాతం బలముంటే ఆ యూనియన్ ఒక్కటే బేరమాడుతుంది. మళ్లా మస్టరే! రిటైరైనోడు దాంట్లో లేడు, కాంట్రాక్టోడు కంపెనీ మస్టర్లో లేడు. వాళ్లిద్దరి తరపున అడగమని చట్టం ఎవరికీ చెప్పదు, అడగొద్దని కూడా చెప్పదు. అడిగేదీ మానేదీ మన యూనియన్ చేతిలో ఉంది. రిటైరైనోళ్లకు యూనియన్లో సభ్యత్వమియ్యండి, చర్చల బల్లకాడ ఒక కుర్చీ ఎయ్యండి. వైద్యం డిమాండును పత్రంలో పైకి తెండి. ఒప్పందంలో ‘కార్మికుడు’ అన్న చోట ‘కాంట్రాక్టు కార్మికుడు కూడా’ అని రాయించండి. ఆ మూడు మాటలకు జీతం పెంపుదలలో ఎంత తగ్గినా నేను ఒప్పుకుంటా, పర్మనెంటు మనిషినే చెప్తున్నా.

ఇప్పుడు మేం కొందరం ఒక నోటుబుక్కు పెట్టుకోని గేర్లలో తిరుగుతున్నాం. పేరు, ఏ ఖాతాలో పని, ఏ కాంట్రాక్టరు కింద, ఏ ఏడు నుంచి ఏ ఏటి దాకా, ఇప్పుడు ఊపిరి ఎట్లుంది - ఇవి రాస్తున్నాం. పక్కన పనిచేసినోళ్లిద్దరితో సాక్షి సంతకాలు పెట్టిస్తున్నాం, సంతకం రానోళ్లతో వేలిముద్ర. మొదటి పేజీలో చచ్చిపోయినోళ్ల పేర్లున్నాయి. వాళ్ల పెండ్లాల పేర్లు పక్క గడిలో రాసినాం, వైద్యం వాళ్లకు కూడా రావాల కాబట్టి. వచ్చే ఒప్పందం చర్చలకు ఆ బుక్కు తీసకపోతున్నాం.