తూము దగ్గర కావాల్సింది పోలీసు కాదు



నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద గత ఆదివారం మీరు రాసిన సంపాదకీయం చదివాను. పై రైతులు తూములు పగలగొడుతున్నారట, కింది రైతులు రోడ్డెక్కుతున్నారట, ఎవరికీ క్రమశిక్షణ లేదట. అందుకని తూముకో పోలీసును పెట్టాలట. నేను ఆ కింది రైతునే. కోదాడ వైపు ఆఖరి మైనరు, అంటే పిల్ల కాలువ కింద నాకు నాలుగెకరాలుంది. ఆ మాట మింగుడు పడక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన యాసంగిలో నా వరి పొట్ట మీదుంది. వంతులేసి నీళ్లిచ్చే వారబందీ ప్రకారం సోమవారం రావాల్సిన నీళ్లు బుధవారం అర్ధరాత్రి వచ్చాయి. అవి కూడా చీలమండ లోతే. గంట గడవకముందే సన్నబడ్డాయి. పక్క చేను అతనూ నేనూ బండేసుకుని, టార్చి పట్టుకుని గట్టు వెంట పైకి పోయాం. ఒకచోట కాలువలో ఏడు మోటార్లున్నాయి. గట్టుకు అడ్డంగా పైపులు, వాటి పక్కనే యూరియా సంచి పరుచుకుని నిద్రపోతున్న ఒక రైతు. కొట్లాడదామనే లేపాను. లేచి కూర్చుని, "అన్నా, నాది గూడ పొట్టకొచ్చింది. నీ వంతు ఏ దినమో నాకెవరు చెప్పిండ్రు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వారబందీ కాగితం ఆయన కంటపడనే లేదు. కాసేపు మాట్లాడుకున్నాక, "తెల్లారేదాంక బంద్ పెడ్త, పారిచ్చుకోండ్రి" అని తన మోటారు ఆపి, మిగతావాళ్లనూ లేపాడు. ఆ రాత్రి నాకు రెండెకరాలు తడిసింది. మీరన్న పోలీసే అక్కడుంటే ఆయన మీద కేసయ్యేది, నా చేను బీటలు వారేది.

మరి ఆ సర్దుబాటు తెల్లారాక ఎందుకు కొనసాగలేదు? కొనసాగించే మనిషి లేక. ఊరి చెరువుకు ఒకప్పుడు నీరటి ఉండేవాడు, ఎవరి మడికి ఎంతసేపో ఆయన చూసేవాడు. కాలువకు అలాంటి ఏర్పాటు కోసమే ఉమ్మడి రాష్ట్రంలో 1997లో చట్టం చేశారు. పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు పెట్టారు. కొన్నిచోట్ల సంఘం పదవి కాంట్రాక్టు పనులకు దారి అయింది, కాదనను. అయినా నీళ్లు రాకపోతే ఎవరి గడప తొక్కాలో మాకు తెలిసేది. తెలంగాణ వచ్చాక ఆ ఎన్నికలే లేవు. ఇదే కాలువ మనల్ని దాటిపోయి పారే ఆంధ్రలో 2024 డిసెంబరులో సంఘాలను ఎన్నుకున్నారు. మనకెందుకు లేవని మీ సంపాదకీయం ఒక్క ముక్క అడగలేదు.

రైతుల అభిప్రాయం తీసుకుంటామంటే సూర్యాపేటలో ఒక సమావేశానికి కూడా పోయాను. పని పాడుచేసుకుని, బస్సెక్కి పోయాను. ముందు వరసంతా నాయకులే. నీటి విడుదల తేదీలు అప్పటికే అచ్చయి బల్ల మీదున్నాయి. మూడుసార్లు చెయ్యెత్తితే ఒక్కసారీ మైకు ఇవ్వలేదు. రిజిస్టరులో సంతకం మాత్రం పెట్టించుకున్నారు. మర్నాడు "రైతులతో చర్చించి నిర్ణయం" అని మీ పేపరే ఫొటోతో సహా వేసింది. ఆ చర్చలో నేను మాట్లాడిన మాట ఏదో చెప్పండి!

పండించాక మాత్రం మమ్మల్ని ఎవరడుగుతున్నారు? మిర్యాలగూడలో ఒక మిల్లు ముందు ట్రాక్టరు మీద రెండు రాత్రులు పడిగాపులు కాశాను. టోకెన్ల లెక్క ఎక్కడ కుదిరిందో, ధర ఎవరు కట్టారో మాకు తెలియదు. తేమ ఎక్కువుందని అక్కడికక్కడే తగ్గించారు. తిరిగి తోలుకుపోలేక ఇచ్చేసి వచ్చాను. అక్కడా అంతే, ఇక్కడా అంతే. అన్నీ తేల్చేశాక మమ్మల్ని పిలుస్తారు.

కాలువ సంగతికే వస్తాను. సంఘాలకు ఎన్నికలు పెట్టండి. కౌలు రైతుకూ అందులో చోటివ్వండి, మా మైనరు కింద మడిలో దిగేది ఎక్కువగా వాళ్లే. ఏ తూముకు ఏ రోజు, ఎన్ని గంటలో అక్కడి గోడ మీదే రంగుతో రాయించండి. పై రైతులనూ కింది రైతులనూ వేర్వేరుగా పిలవకుండా ఒకే చాప మీద కూర్చోబెట్టండి.

ఆ మోటారు రైతు ఫోన్ నంబరు నా దగ్గరుంది. ఈ యాసంగికి నీళ్లు వదలకముందే ఆయన్నీ, ఆయన తోటి వాళ్లనూ, మా మైనరు రైతులనూ మా ఊరి బడి ఆవరణలో కలుపుతాను. నీటిపారుదల శాఖ నుంచి ఒక్క అధికారి వస్తారేమో మీరు కనుక్కుని, ఆ జవాబు మీ పేపర్లో వేయండి.

- ఎడమ కాలువ కింద ఆఖరి మైనరు రైతు,
కోదాడ మండలం