40 రెట్లు – దేనికి?

జేబులో పట్టే కెమెరాను '40 రెట్ల జూమ్' అని అమ్మేవారిపై నాకొక వ్యాకరణాభ్యంతరం ఉన్నది. ఉపమానం చెప్పని ఉపమ అది. దేనికి 40 రెట్లు? కంటిచూపుకు కాదు. 35 మి.మీ. ఫిలిం లెక్కలో ఆ కటకపు కనిష్ఠ నాభ్యంతరం 24, గరిష్ఠం 960. వాటి నిష్పత్తి, అంతే. 50ని సహజదృష్టిగా ఎంచే వాడుకను బట్టి చూస్తే 19 రెట్లే.

అసలు మోసం మరొకటి. జూమ్ పెరిగేకొద్దీ కటకద్వారం ఎఫ్/3.3 నుంచి 6.9కి కుంచించుకొంటుంది, వచ్చే వెలుతురు నాలుగోవంతు కూడా ఉండదు. దానిని అందుకొనే సెన్సారా, సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు, చిటికెనవేలి గోరంతైనా లేదు!

మిట్టమధ్యాహ్నం గోపురం మీది బొమ్మలు తీయడానికి ఇది దివ్యంగా పనికివస్తుంది, కాదనను. కాని మన నిత్యజీవితం వంటింట్లో, వసారాలో, సందెవెలుగులో కదా సాగేది?

తులసికోట వద్ద కార్తీకదీపం పెడుతున్న మా అమ్మగారిని వసారాలో కూర్చొనే జూమ్ చేసి తీశాను. ముఖం అలికినట్లు వచ్చింది. మరుసటి కార్తీకానికి ఆమె లేరు. లేచి నాలుగడుగులు వేయకపోవడం నా సోమరితనమే. అయితే కొన్ననాడు అంగడిలో జూమ్ అంకెను ముమ్మారు చెప్పిన పెద్దమనిషి, కటకం అంచున అచ్చువేసి ఉన్న ఎఫ్ సంఖ్యను ఒక్కమారైనా చూపలేదు.