మాత్రలు మాన్పించే ఉపవాసమా?

హనుమాన్ జంక్షన్ పక్క గ్రామం నుంచి మా ఆరాధనకు వచ్చే ఒక సహోదరికి ఏళ్ల తరబడి 'కోపిష్ఠి' అనే పేరుండేది. కొన్ని వారాలు నిద్ర లేకుండా కేకలు, గిన్నెలు విసరడం. ఆపై నెలల పాటు మంచం దిగకపోవడం. దయ్యమన్నారు కొందరు, పొగరన్నారు కొందరు. విజయవాడలో వైద్యుడు బైపోలార్ జబ్బు అని తేల్చి లిథియం మాత్రలు ఇచ్చాక ఇల్లు కుదుటపడింది. ఆ సంగతి మాతో చెప్పలేదు. చెబితే విశ్వాసం లేదంటామని భయం.

మే నెలలో మూడు రోజుల ఉపవాస కూడికలు పెట్టి, నీళ్లు కూడా ముట్టవద్దని మేమే ప్రకటించాం. రెండో రోజు ఆమెకు చేతులు వణికాయి, వాంతులయ్యాయి, నడక తూలింది. ఆత్మ కార్యమని స్తోత్రాలు చెప్పినవారూ ఉన్నారు! భర్త మాత్రం ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాడు. బతికింది.

లిథియం ఒక లవణం. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మూత్రపిండాలు దాన్ని సరిగా బయటికి పంపలేవు. అది రక్తంలో పేరుకుని విషమవుతుంది. అందుకే వైద్యులు అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయిస్తారు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాదానికి దీని మేలును లోకానికి తెలిపాడు. వేదాంత కళాశాలలో హెబ్రీ, గ్రీకు నేర్చుకున్న మాకు ఈ ఒక్క ముక్క తెలియదు.

చావు కోరుకుని బదరీ చెట్టు కింద పడుకున్న ఏలీయాకు దూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు (1 రాజులు 19). హిజ్కియాకు పదిహేనేళ్ల ఆయుష్షు మాట ఇచ్చిన దేవుడే పుండుకు అంజూరపు ముద్ద కూడా కట్టించాడు (యెషయా 38).

అయితే ప్రతి స్త్రీ కోపమూ జబ్బు కాదు. హన్నా వేదనను యాజకుడైన ఏలీ తాగిన మత్తు అనుకున్నాడు. కూలి డబ్బు తాగి వచ్చే భర్త ఉన్నచోట భార్యకు మాత్రలు మింగిస్తే ఏం లాభం? తేల్చవలసింది వైద్యులు, పాస్టర్లు కాదు.

పెళ్లి కుదిరిందని, గర్భం వచ్చిందని మాత్రలు హఠాత్తుగా ఆపించే అత్తింటివారికీ ఒక మాట. ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు. వాల్‌ప్రోయేట్ వంటివి వాడితే గర్భస్థ శిశువుకు హాని. కాబట్టి గర్భానికి ముందే వైద్యుణ్ని అడగాలి. ఎవరిని అడగాలో తెలియనివారికి 2022లో మొదలైన టెలిమానస్ ఉచిత నంబరు 14416 ఉంది.

ఇప్పుడు మా ఉపవాస ప్రకటనలో మొదటి వాక్యం ఇది: మందులు వాడేవారు భోజనం చేసి, నీళ్లు తాగి రండి.